కెపాసిటర్ పెట్టినా కోన్ ఊగుతూనే ఉంది: ఆంప్ ఇన్‌పుట్ ఇంపిడెన్స్‌కి, సబ్ క్రాసోవర్‌కి లెక్క ఎలా?

శ్రోత_బెజవాడ
టీపీఏ3116 చిప్ బోర్డుతో ఇంట్లో కట్టుకున్న ఆంప్ (యాంప్లిఫయర్), 5 అంగుళాల బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, పక్కన 8 అంగుళాల పవర్డ్ సబ్ (సొంత ఆంప్ ఉన్న బేస్ స్పీకర్). బోర్డుకి ముందు 50 కె (కిలో ఓముల) వాల్యూమ్ కంట్రోల్. చిన్న స్పీకర్లకి 70 హెర్ట్జ్ కింద బేస్ వెళ్లకూడదని ఆంప్‌కి సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ వైరులో 0.22 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాను, అందరూ చెప్పే విలువే. తేడా ఏమీ తెలియట్లేదు. డప్పు దెబ్బకి కోన్ (స్పీకర్‌లో కదిలే పొర) అలాగే బయటికి వస్తోంది. సబ్ క్రాసోవర్ నాబ్ (సబ్ ఎన్ని హెర్ట్జ్ దాకా పలకాలో పెట్టేది) 80 దగ్గర పెడితే మగ గొంతులు బొంగురుగా వినిపిస్తున్నాయి. కెపాసిటర్ ఎంత ఉండాలి? నాబ్ ఎక్కడ ఉంచాలి? సబ్ ఫేజ్ స్విచ్ (సబ్ కోన్ మామూలుగా కదలాలా, తిరగేసి కదలాలా అనేది) 0 లోనా, 180 లోనా?

టంకంపెట్టె
బేస్ ఎక్కడ కట్ అవుతుందో కెపాసిటర్, ఆంప్ ఇన్‌పుట్ ఇంపిడెన్స్ (సిగ్నల్‌కి ఆంప్ చూపే అడ్డు, ఓముల్లో) రెండూ కలిసి తేలుస్తాయి; ఏది పెరిగినా కట్ కిందకి జారుతుంది. 0.22 లెక్క 10 కిలో ఓముల ఆంప్‌కి. అక్కడ అది 72 హెర్ట్జ్. మీ చిప్‌లో ఇన్‌పుట్ ఇంపిడెన్స్ గెయిన్‌ని (సిగ్నల్‌ని ఎంత పెంచుతుందో దాన్ని) బట్టి మారిపోతుంది: 20 డీబీకి 60 కె, 26కి 30 కె, 32కి 15 కె, 36కి 9 కె. మీది 26 అయితే ఫిల్టర్ 24 హెర్ట్జ్ దగ్గరికి జారిపోయింది. ఇక కోన్ ఎందుకు ఆగుతుంది? గెయిన్ రెసిస్టర్లు చూసి చెప్పండి.

రాజు_కార్‌స్టీరియో
స్పీకర్ ఎన్ని ఓములో అడగకుండానే కెపాసిటర్ చెప్పేస్తున్నారేంటి? 4 ఓముల స్పీకర్‌ని 80 హెర్ట్జ్ దగ్గర కట్ చేయాలంటే 500 మైక్రోఫారడ్ కావాలి. 0.22 ఏ మూలకి? ఎన్ని కార్లకి వేశానో నాకే లెక్క లేదు.

టంకంపెట్టె
రాజు గారూ, మీరు చెప్పింది స్పీకర్ వైరులో పెట్టే కెపాసిటర్. ఆయన ఆంప్‌కి ముందు పెట్టారు. అక్కడ కెపాసిటర్‌కి కనిపించేది ఆంప్ ఇన్‌పుట్ మాత్రమే. స్పీకర్ 4 ఓములైనా 8 ఓములైనా దానికి సంబంధం లేదు.

రాజు_కార్‌స్టీరియో
సంబంధం లేదంటే ఎలా? కరెంటు తీసుకునేది స్పీకరే కదా. నా చేత్తో వేసిన బాస్ బ్లాకర్లు (స్పీకర్ వైరులో బేస్ ఆపే కెపాసిటర్లు) ఇప్పటికీ పనిచేస్తున్నాయి. డేటాషీట్ చదివి పాఠాలు చెప్పకండి.

టంకంపెట్టె
పాఠం కాదండీ. ఆ 500 తెచ్చి ఆర్‌సీఏ వైరులో పెడితే అసలు ఫిల్టరే ఉండదు, బేస్ మొత్తం లోపలికి పోతుంది. అడిగిన మనిషి స్పీకర్లు పాడవుతాయని నా బాధ.

గల్లీ_గుజరాతీ
ఈ 10 కె లెక్కే నా కొంప ముంచింది. ఆన్‌లైన్‌లో ఆర్‌సీఏ ఫిల్టర్ జత తెప్పించుకున్నా. మీద 70 హెర్ట్జ్ అని ముద్ర. ఏ ఇంపిడెన్స్‌కో ఎక్కడా రాయలేదు. నా ఆంప్ 47 కె. లెక్క వేస్తే 15 హెర్ట్జ్ వచ్చింది! వాపసు అడిగితే డబ్బా తెరిచారని తీసుకోలేదు. ఇప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో విడి కెపాసిటర్లే కొంటున్నా. పాలిస్టర్‌వి అని గట్టిగా అడగండి, లేకపోతే సెరామిక్ చేతిలో పెట్టి పంపుతారు.

డల్లాస్_బావ
ఇంత కష్టం ఎందుకు తమ్ముడూ? ఏవీ రిసీవర్ (క్రాసోవర్ లోపలే ఉండే హోమ్ థియేటర్ ఆంప్) తీసుకో. దాని సెట్టింగ్‌లో స్పీకర్లు స్మాల్, క్రాసోవర్ 80, సబ్ మీద నాబ్ చివరిదాకా తిప్పెయ్, లేకపోతే రెండు ఫిల్టర్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. మా ఇంట్లో అలాగే ఉంది, బ్రహ్మాండంగా వినిపిస్తోంది.

గల్లీ_గుజరాతీ
బావగారూ, పది రూపాయల కెపాసిటర్ గురించి అడిగితే రిసీవర్ కొనమంటారా?

పాతరేడియో
వాల్వ్ సెట్ల కాలం నుంచి ఈ పని చేస్తున్నాను. అందరూ ఒక ముఖ్యమైన సంగతి వదిలేశారు. కెపాసిటర్ వెనక 50 కె వాల్యూమ్ కంట్రోల్ ఉంది. వాల్యూమ్ తగ్గించి వింటే కెపాసిటర్‌కి దాదాపు 50 కె కనిపిస్తుంది. ఫుల్ పెడితే 50 కె, 30 కె పక్కపక్కన చేరి 19 కె కిందకి దిగుతుంది. అంటే మీ 0.22 ఒకసారి 15 హెర్ట్జ్, ఇంకోసారి 38 హెర్ట్జ్. వాల్యూమ్ తిప్పినప్పుడల్లా క్రాసోవర్ కదులుతుంటే సబ్ నాబ్ దేనికని కలుపుతారు?

టంకంపెట్టె
నిజం. కెపాసిటర్‌ని కంట్రోల్‌కీ బోర్డుకీ మధ్యకి మార్చాలి.

పాతరేడియో
మార్చినా 50 కె ఉంటే కదులుతుంది. కంట్రోల్ మధ్యలో ఉన్నప్పుడు దానిదే 12.5 కె అడ్డం వస్తుంది. 0.068 పెట్టారనుకోండి, 78 నుంచి 55కి పడిపోతుంది. 10 కె కంట్రోల్ వేస్తే అదే 0.068 మీద 78, 72 మధ్యే తిరుగుతుంది.

సర్క్యూట్_పిచ్చి
30 కె అని కాగితం మీద నమ్మడం ఎందుకు, కొలవండి. మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి ఇన్‌పుట్ ముట్టుకుంటే ఏమీ తెలియదు, బోర్డు మీది కెపాసిటర్ డీసీని ఆపేస్తుంది. ఇన్‌పుట్‌కి సిరీస్‌లో 100 కె వేరియబుల్ రెసిస్టర్ పెట్టండి. ఫోన్‌లో 200 హెర్ట్జ్ టోన్ వేయండి, మామూలు మీటర్లు ఆ ఫ్రీక్వెన్సీలో ఏసీ బాగానే చూపిస్తాయి. వేరియబుల్ సున్నాలో ఉన్నప్పుడు ఆంప్ అవుట్‌పుట్ ఓల్టేజ్ రాసుకోండి. అది సగమయ్యేదాకా తిప్పండి. వేరియబుల్ విప్పి దాని ఓములు కొలిస్తే అదే మీ ఇన్‌పుట్ ఇంపిడెన్స్.

రాజు_కార్‌స్టీరియో
కస్టమర్ బయట నిలబడి ఉంటే ఇదంతా ఎవరు చేస్తారు? చెవితో విని సెట్ చేస్తా.

సర్క్యూట్_పిచ్చి
కార్‌లో మీకు అలవాటైన ఆంప్‌లు ఉంటాయి కాబట్టి నడుస్తుంది. ఈయనది ఇంట్లో కట్టిన బోర్డు. శ్రోత గారూ, సబ్‌కి వై వైరు (సిగ్నల్‌ని రెండుగా చీల్చేది) ఎక్కడ నుంచి తీశారు? కెపాసిటర్ తర్వాత తీస్తే సబ్‌కే బేస్ తగ్గిపోతుంది. పైగా రెండు ఇన్‌పుట్లు కలిసి ఇంపిడెన్స్ తగ్గి లెక్క పైకి పోతుంది.

శ్రోత_బెజవాడ
వై వైరు కెపాసిటర్‌కి ముందే ఉంది. సర్క్యూట్ గారి పద్ధతిలో కొలిస్తే 28 కె దాటింది. 10 కె కంట్రోల్ వేసి, దాని తర్వాత 0.068 పాలిస్టర్ పెట్టాను. కోన్ ఊగడం స్పష్టంగా తగ్గింది. సబ్ నాబ్ 60కి దించాక గొంతులు తేరుకున్నాయి. అందరికీ చాలా థాంక్స్. ఫేజ్ గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

టంకంపెట్టె
నాబ్ 80లో ఉంటే మీ స్పీకర్లు, సబ్ రెండూ అదే చోట వాయిస్తున్నాయి. ఒక్క కెపాసిటర్ వాలు ఆక్టేవ్‌కి (హెర్ట్జ్ సగమైన ప్రతిసారీ) 6 డీబీ మాత్రమే, 70 కింద కూడా స్పీకర్లు పలుకుతూనే ఉంటాయి. అందుకే సబ్ నాబ్ మీరు దించినట్టు ఇంకొంచెం కిందే ఉండాలి. ఫేజ్‌కి 70 హెర్ట్జ్ టోన్ వేసి, స్విచ్ ఏ వైపు ఉన్నప్పుడు కూర్చునే చోట గట్టిగా వినిపిస్తే అది ఉంచండి.

గల్లీ_గుజరాతీ
అపార్ట్‌మెంట్‌లో సబ్ నేల మీద పెట్టేవాళ్లు కింద రబ్బర్ షీట్ వేస్తున్నారా? కింది ఫ్లోర్ వాళ్లు రోజూ తలుపు కొడుతున్నారు, చాలా టెన్షన్‌గా ఉంది.

డల్లాస్_బావ
మాకు ఇక్కడ చెక్క ఇళ్లు, అంతా అదురుతుంది. మందమైన ఫోమ్ ప్యాడ్ వేశాను, చాలా మేలు.

రాజు_కార్‌స్టీరియో
టంకం గారూ, నా దగ్గర ఒక ఆంప్ మీద 22 కె అని రాసుంది. మీ లెక్కలో 80 హెర్ట్జ్‌కి ఎంత పెట్టాలి?

టంకంపెట్టె
0.1 పెట్టండి రాజు గారూ, 72 వస్తుంది. సరిగ్గా 80 కావాలంటే 0.09, అది విడిగా దొరకదు. 0.068కి 0.022 పక్కన కలపండి.