రైతుల ఖాతా నంబర్లున్న డేటాబేస్‌కు ఇప్పుడు ఎన్‌క్రిప్షన్ పెట్టాలి: ఏ కీ వాడాలి?

నల్లగొండ_తోట (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ. బత్తాయి రైతుల సంఘం ఒకదానికి లెక్కల సాఫ్ట్‌వేర్ రాసింది నేనే, చూసుకుంటున్నదీ నేనే. 1,840 మంది రైతులున్నారు. ఎవరి తోటలో ఎన్ని టన్నులు కోశారు, వ్యాపారి సూట్ (తూకంలో తరుగు) కింద ఎంత తీశాడు, ఎంత డబ్బు ఏ ఖాతాలో పడింది, అన్నీ అందులోనే ఉంటాయి. బ్యాంకు ఖాతాలు, పట్టాదారు పాసుపుస్తకం నంబర్లు, ఫోన్లు, ఆధార్ నంబర్లు కూడా ఉన్నాయి.

డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. అమెజాన్ క్లౌడులో డేటాబేస్‌లు నడిపే ఆర్‌డీఎస్ సేవలో, ముంబయి రీజియన్‌లో (అక్కడి సర్వర్లలో) ఉంది. 2020లో స్క్రిప్టుతో సృష్టించాను. ఎన్‌క్రిప్షన్ (కీ లేనిదే ఎవరూ చదవలేనట్టు డేటాను మూసిపెట్టడం) కోరే ఆ ఒక్క వరుస స్క్రిప్టులో లేదు. ఇప్పుడు సంఘానికి అప్పు ఇవ్వబోయే సంస్థ ఆడిటరు డిస్కు మీద డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉందా, కీ ఎవరిది అని అడిగారు. సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే మార్చే వీలే కనిపించలేదు.

అమెజాన్ నిర్వహించే కీ చాలా, మా సొంత కీ పెట్టుకోవాలా? సొంత కీ పోగొట్టుకుంటే ఏమవుతుందన్నదే నా భయం. మా దగ్గరికి వచ్చే రైతు పాసుపుస్తకాన్ని ప్లాస్టిక్ కవరులోంచి తీసి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని, ఒక్కో అంకె చదివి వినిపిస్తాడు. నేను టైపు చేసింది మళ్లీ చదివి చెప్పేదాకా కుర్చీలోంచి లేవడు. ఆ వివరాలు బయటపడినా, అసలుకే పోయినా నేను వాళ్ల ముందు నిలబడలేను.

సూర్యాపేట_సర్వర్

మొదటిదానికి జవాబు: నడుస్తున్న ఆర్‌డీఎస్‌కు ఎన్‌క్రిప్షన్ తగిలించలేరు, సృష్టించేటప్పుడే ఎంచుకోవాలి. స్నాప్‌షాట్ (ఆ క్షణానికి డేటాబేస్ మొత్తం నకలు) తీయండి, దాన్ని కాపీ చేస్తూ ఎన్‌క్రిప్షన్ ఎంచుకోండి, ఆ కాపీ నుంచి కొత్త డేటాబేస్ లేపండి. అంతే. కీ విషయంలో అమెజాన్ నిర్వహించేదే పెట్టేయండి. ఖర్చు లేదు, తలనొప్పి లేదు. మా దగ్గర మూడేళ్లుగా అదే నడుస్తోంది.

పాలమూరు_పాతకాపు

తోట గారూ, స్నాప్‌షాట్ దారి సరైనదే. కీ దగ్గర మాత్రం నా మాట వేరు. పదహారేళ్లుగా డేటాబేస్‌లే నా బతుకు, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు మీ భయం సంగతి. కీ అనగానే ఒక ఫైలు, అది పోతే అంతా పోయినట్టే అనుకుంటున్నారు. ఇక్కడ అలా ఉండదు. డేటాను మూసేది ఒక డేటా కీ. ఆ డేటా కీని మూసేది కేఎంఎస్ అనే అమెజాన్ కీల సేవలో ఉండే మీ కీ. కేఎంఎస్‌లో పుట్టిన ఆ పెద్ద కీ బయటికి రాదు. మీ ల్యాప్‌టాప్‌లో ఉండదు, పెన్‌డ్రైవ్‌లో ఉండదు, కాబట్టి పడిపోయేదీ కాదు, మరిచిపోయేదీ కాదు. అది పోవాలంటే మీ అకౌంటులో అధికారం ఉన్నవారెవరో పనిగట్టుకుని తొలగించాలి. మనం జాగ్రత్త పడాల్సింది అక్కడే.

ఇది నా కళ్లముందే జరిగింది. అప్పట్లో హైదరాబాద్‌లో ఆసుపత్రుల బిల్లింగ్ చూసే ఒక కంపెనీలో ఉన్నాను. ఖర్చులు తగ్గించమని పైనుంచి మాట వచ్చింది. సొంత కీ ఒక్కోదానికి నెలకు ఒక డాలరు పడుతుంది. మా బృందంలో ఒకరు కీల జాబితా తెరిచి, పేరుచూస్తే దేనికో అర్థంకాని తొమ్మిదింటిని తొలగింపుకు పెట్టారు. గడువు ఏడు నుంచి ముప్పై రోజుల మధ్య ఎంతైనా పెట్టుకోవచ్చు, మనం ఏమీ చెప్పకపోతే ముప్పై. ఆయన ఏడు ఎంచుకున్నారు. నడుస్తున్న డేటాబేస్‌లు వేరే కీ మీద ఉండటంతో ఎవరికీ ఏమీ తెలియలేదు. ఐదోరోజు ఒక పాత బిల్లు కోసం పాత స్నాప్‌షాట్ లేపబోతే లేవలేదు. కీ తొలగింపు కోసం ఎదురుచూస్తోందని చెప్పింది. ఐదేళ్ల రోగుల బిల్లులు ఆ కీ కిందే ఉన్నాయి.

నేను అప్పుడు ఇంటికి వస్తూ జడ్చర్ల దగ్గర బస్సులో ఉన్నాను. ఫోనులోనే తొలగింపు రద్దు చేశాను. అయినా స్నాప్‌షాట్ లేవలేదు. రద్దు చేశాక కీ నిలిపివేసిన స్థితిలో ఉంటుంది, దాన్ని మళ్లీ చేతనం చేయాలి. అది గుర్తుకు రావడానికి పది నిమిషాలు పట్టింది. బస్సు మహబూబ్‌నగర్ చేరేసరికి స్నాప్‌షాట్ లేచింది. ఇంకో రెండు రోజులు ఆలస్యమై ఉంటే ఎవరూ, అమెజాన్ వాళ్లు కూడా, ఆ బిల్లులు తెరవగలిగేవాళ్లు కాదు.

ఇంత చూసి కూడా మీకు సొంత కీనే చెబుతున్నాను. ఎందుకంటే, అమెజాన్ నిర్వహించే కీతో మూసిన స్నాప్‌షాట్‌ను ఇంకో అకౌంటుతో పంచుకోలేరు. మీ అకౌంటు పాస్‌వర్డు దొంగల చేతిలో పడితే డేటాబేస్‌తోపాటు బ్యాకప్‌లు కూడా చెరిపేస్తారు. వేరే అకౌంటులో ఒక కాపీ ఉంటే సంఘం బతుకుతుంది, ఆ కాపీ పంపాలంటే సొంత కీ కావాలి. పైగా ఆ కీని ఎవరు వాడొచ్చు, ఎవరు తొలగించొచ్చు అన్నది మీరే రాసుకోవచ్చు. రోజూ డేటాబేస్‌లో పనిచేసే లాగిన్‌కు కీ తొలగించే అధికారం ఇవ్వకండి. ఆ అధికారం వేరే లాగిన్‌కు ఇచ్చి, దాని పాస్‌వర్డు సంఘం అధ్యక్షుల బీరువాలో పెట్టండి. తొలగింపుకు పెట్టిన కీని ఎవరైనా వాడబోతే హెచ్చరిక వచ్చేలా అలారం పెట్టుకోవచ్చు, అది తప్పకుండా పెట్టండి. కీ పేరు చూడగానే దేనిదో తెలియాలి. మా తొమ్మిదింటికీ సరైన పేర్లుంటే ఆ రోజు ఏమీ జరిగేది కాదు.

వనపర్తి_క్లౌడ్

పాతకాపు గారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. ఇది డిస్కు మీదున్న డేటాకు మాత్రమే రక్ష. సరైన పాస్‌వర్డుతో లోపలికి వచ్చినవాడికి డేటాబేస్ అన్నీ విప్పి చూపిస్తుంది. మీ సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కు (ఫారం గడుల్లో ఆదేశాలు చొప్పించి డేటా లాగేయడానికి) సందుంటే ఏ కీ కాపాడదు. దారిలో వెళ్లే డేటాను మూసే టీఎల్‌ఎస్‌ను వేరుగా తప్పనిసరి చేయాలి. ఇక ఆధార్ నంబర్లు పూర్తిగా ఎందుకు దాస్తున్నారు? డబ్బు పంపడానికి ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ చాలు. గుర్తుపట్టడానికే అయితే చివరి నాలుగు అంకెలు ఉంచుకుని మిగతావి చెరిపేయండి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం తగిన భద్రత చూపకపోతే జరిమానా 250 కోట్ల దాకా వెళ్లొచ్చు.

రేపెప్పుడైనా హైదరాబాద్ రీజియన్‌కు కాపీ పంపాలనుకుంటే అక్కడ ఇంకో కీ ఉండాలి. ముంబయి కీ ముంబయిలోనే పనిచేస్తుంది.

నల్లగొండ_తోట

అందరికీ ధన్యవాదాలు. వనపర్తి గారూ, ఆధార్ సంగతి మీరు అడిగేదాకా నాకు తట్టలేదు. ఎప్పుడో ఒక ఫారంలో ఆ గడి ఉందని డేటాబేస్‌లోనూ పెట్టాను. ఈ వారమే చెరిపేస్తాను.

పాతకాపు గారూ, మారుస్తున్నంతసేపు తూకాల నమోదు ఆపాలా? సాఫ్ట్‌వేర్‌లో డేటాబేస్ చిరునామా కూడా మార్చాలా?

పాలమూరు_పాతకాపు

తప్పకుండా ఆపండి. స్నాప్‌షాట్ తీశాక పాతదాంట్లో పడిన తూకం కొత్తదాంట్లోకి రాదు. కోతలు లేని రోజు రాత్రి చూసుకోండి.

చిరునామా మార్చనక్కర్లేదు. కొత్తది లేచి, సరిచూసుకున్నాక పాతదాని పేరు మార్చి, ఆ పేరు కొత్తదానికి పెట్టండి. పేరుతోపాటే చిరునామా వస్తుంది. సెక్యూరిటీ గ్రూపు (డేటాబేస్‌లోకి ఎవరిని రానివ్వాలో చెప్పే నియమాలు) మాత్రం మీరే ఎంచుకోండి. వదిలేస్తే డిఫాల్టుది తగిలించుకుంటుంది, అప్పుడు మీ సాఫ్ట్‌వేర్‌కు దారి మూసుకుపోతుంది. స్నాప్‌షాట్ నుంచి లేచినది మొదట్లో కాస్త నెమ్మదిగా ఉంటుంది, డేటా అడిగినప్పుడల్లా వెనకనుంచి తెచ్చుకుంటుంది. కంగారు పడకండి.

ఇంకొకటి. ఎన్‌క్రిప్ట్ కాని పాత స్నాప్‌షాట్లు ఎన్ని ఉన్నాయో లెక్క తీయండి. ఆఫీసు కంప్యూటర్లలో ఎప్పుడో దించిన డంపులు (డేటాబేస్ నకళ్లు), ఎక్సెల్ ఫైళ్లు కూడా వెతకండి. క్లౌడులో ఎంత గట్టి తాళం వేసినా, డెస్క్‌టాప్ మీద 'రైతులు ఫైనల్' అనే ఫైలు ఉంటే ఆ శ్రమంతా వృథా.

నల్లగొండ_తోట

శనివారం రాత్రి పూర్తిచేశాను. పది గంటలకు నమోదు ఆపాను, పన్నెండున్నరకు మళ్లీ తెరిచాను. సెక్యూరిటీ గ్రూపు దగ్గర మీ మాట గుర్తుపెట్టుకున్నాను. రైతుల సంఖ్య, ఈ సీజన్ మొత్తం టన్నులు, చెల్లింపుల మొత్తం పాతదాంట్లోనూ కొత్తదాంట్లోనూ రాసుకుని పక్కపక్కన పెట్టి చూశాను. పైసాతో సహా కలిశాయి. ఆదివారం ఉదయం మొదటి రైతు పేజీ తెరుచుకోవడానికి దాదాపు ఇరవై సెకన్లు పట్టింది, మధ్యాహ్నానికి మామూలైంది.

కీకి సంఘం పేరు, డేటాబేస్ పేరు, సంవత్సరం కలిపి పెట్టాను. అలారం నా ఫోనుకూ అధ్యక్షుల ఫోనుకూ వస్తుంది. ఆఫీసులో వెతికితే పదకొండు ఎక్సెల్ ఫైళ్లు, మూడు పెన్‌డ్రైవ్‌లు దొరికాయి. ఒక పెన్‌డ్రైవ్ కాంటా పక్కన రసీదు పుస్తకాల కట్టలో ఉంది. అందులో 2022 నాటి ఖాతా నంబర్లన్నీ ఉన్నాయి. అది చూశాక చాలాసేపు నా చేతులు ఆడలేదు.

చివరి సందేహం: పాత డేటాబేస్‌ను ఆపి ఈ నెలాఖరు దాకా ఉంచనా?

పాలమూరు_పాతకాపు

ఉంచకండమ్మా. ఆపిన ఆర్‌డీఎస్ ఏడు రోజులకు తనంతట తానే మళ్లీ లేస్తుంది. లెక్కలు కలిశాయి, ఎన్‌క్రిప్ట్ అయిన స్నాప్‌షాట్ చేతిలో ఉంది. అది చాలు. తొలగించేటప్పుడు చివరి స్నాప్‌షాట్ తీయమంటారా, ఆటోమేటిక్ బ్యాకప్‌లు ఉంచమంటారా అని అడుగుతుంది. రెండింటికీ వద్దనండి. అవి కూడా ఎన్‌క్రిప్ట్ కానివే అవుతాయి.

నల్లగొండ_తోట

రెండింటికీ వద్దన్నాను. ఇప్పుడే తొలగింది. అధ్యక్షుల లాగిన్ పాస్‌వర్డు కవరులో పెట్టి అంటించాను, రేపు పొద్దున వారి ఇంటికి వెళ్లి బీరువాలో నా చేతులతోనే పెట్టి వస్తాను.