ఏడేళ్ల పాపకి అంతరిక్షం, మెషీన్ల పుస్తకాలు: తప్పుల్లేనివి ఎలా ఏరుకోవాలి?

చుక్కలపందిరి:
మా పాపకి ఏడేళ్లండి. ఇన్నాళ్లూ కథలే చదివించుకునేది, ఈమధ్య మాత్రం రాకెట్టు పైకెలా వెళ్తుంది, ఫ్రిజ్‌లోకి చల్లదనం ఎక్కణ్ణుంచి వస్తుంది, ఇవే ప్రశ్నలు. సరేనని ఎవరో ఇచ్చిన పాత పుస్తకం తీస్తే అందులో తొమ్మిది గ్రహాలు, లైబ్రరీ నుంచి తెచ్చిన కొత్తదాంట్లో ఎనిమిది, అదేమో రెండూ పక్కపక్కన పెట్టుకుని "ఇందులో ఏది నిజం అమ్మా" అని కూర్చుంది. ప్లూటో సంగతి నాకు తెలుసు కాబట్టి చెప్పగలిగాను, తెలియని తప్పులు ఇంకెన్ని ఉన్నాయో అని నా బెంగ. నేను సైన్స్ చదువుకోలేదు. కొనేముందు పది నిమిషాలు తిరగేసి మంచిదో కాదో తేల్చుకునే పద్ధతి ఏమన్నా ఉంటే చెప్పరూ? మెషీన్ల పుస్తకాలకి కూడా.

నింగిచూపు:
అంకెల దగ్గర మరీ బెంగపడకండి. ప్లూటోని అంతర్జాతీయ ఖగోళ సంఘం మరుగుజ్జు గ్రహాల్లోకి మార్చింది 2006 ఆగస్టులో, అంతకుముందు వేసిన పుస్తకంలో తొమ్మిది ఉండటం ఆ రోజుకి సరైనదే. శని చందమామలైతే 1990ల పుస్తకాల్లో 18 అనుంటాయి, 2025 మార్చికి 274 అయ్యాయి, రేపు ఇంకా పెరగొచ్చు. అంకె పాతబడితే దిద్దుకోవడం తేలికే. కారణం తప్పు చెప్పిన పుస్తకంతోనే చిక్కు, చిన్నప్పుడు మనసులో పడిన తప్పు కారణం పెద్దయ్యాక కూడా ఓ పట్టాన వదలదు. అందుకే నేను ఏ పుస్తకం పట్టుకున్నా తిన్నగా మూడు చోట్లకి వెళ్తాను.

మొదటిది వ్యోమగాములు తేలే బొమ్మ ఉన్న పేజీ. "అక్కడ గురుత్వాకర్షణ ఉండదు కాబట్టి తేలతారు" అని రాసుంటే ఆ పుస్తకం పక్కన పెట్టేస్తాను. వాళ్లుండే అంతరిక్ష కేంద్రం మనకి దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తులోనే ఉంటుంది, అక్కడ కూడా భూమి లాగుడు ఇక్కడున్నదాంట్లో సుమారు 90 శాతం ఉంటుంది. వాళ్లు నిజానికి పడుతూనే ఉన్నారు, కాకపోతే గంటకి 28,000 కిలోమీటర్ల వేగంతో పక్కకి కూడా దూసుకెళ్తున్నారు కాబట్టి వాళ్లు ఎంత కిందికి పడుతుంటే భూమి కూడా అంత కిందికి వంగిపోతూ ఉంటుంది, అలా దాదాపు 90 నిమిషాలకో చుట్టు. బంతిని మెల్లగా విసిరి, తర్వాత గట్టిగా విసిరి ఎంతెంత దూరంలో పడిందో చూపిస్తే ఏడేళ్ల పిల్లకి బాగానే అర్థమవుతుంది.

రెండోది ఋతువులు. సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలం, దూరమైతే చలికాలం అంటే తప్పు. భూమి సూర్యుడికి బాగా దగ్గరగా వచ్చేది జనవరి మొదట్లో, అప్పుడు ఉత్తరార్ధగోళంలో చలికాలం! ఋతువులకి కారణం భూమి అక్షానికున్న 23.5 డిగ్రీల వంపు, దాని గురించి చెప్పాలి, చెప్పకపోతే ఆ పేజీ దండగ.

మూడోది సౌరకుటుంబం బొమ్మ. గ్రహాల సైజులు, దూరాలు రెండూ సరైన కొలతలో ఒక పేజీలో వెయ్యడం ఎవరివల్లా కాదు, మంచి పుస్తకం ఆ మాట బొమ్మ పక్కనే రాస్తుంది. ఇంట్లో ఇలా చేసి చూడండి, 30 సెంటీమీటర్ల స్కేలు తీసుకుని ఒక చివర 1 సెంటీమీటరు పూస పెట్టండి, అది భూమి. ఇంకో చివర అందులో పావు వంతు పూస, అది చందమామ. చందమామ అంత దూరమా అని మావాడు నోరెళ్లబెట్టాడు, పుస్తకాల్లో భూమిని ఆనుకునే ఉంటుంది కదా మరి.

స్ప్రింగుడబ్బా:
మెషీన్ల పుస్తకాలకి నా పరీక్ష ఒకటే. బొమ్మ మీద వేలు పెట్టి, తోసే బలం ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో పిల్లలు జరుపుకుంటూ పోగలగాలి. సైకిల్ అయితే పెడల్, ముందు పళ్లచక్రం, చైను, వెనక చక్రం... ముందు 44 పళ్లు, వెనక 22 ఉంటే పెడల్ ఒక్క చుట్టుకి వెనక చక్రం రెండు చుట్లు, ఇంత చెప్తే చాలు. చాలా పుస్తకాలు ఇది పిస్టన్, ఇది క్రాంక్‌షాఫ్ట్ అని బాణాలు గీసి పేర్లు రాసి ఊరుకుంటాయి, ఏది దేన్ని ఎందుకు తోస్తుందో ఉండదు.

విమానం రెక్క పేజీ కూడా చూడండి. పైగాలి, కిందిగాలి విడిపోయి ఒకేసారి వెనక కలుసుకోవాలి కాబట్టి పైగాలి వేగంగా పోతుంది అని రాసేస్తారు, అలా కలుసుకోవాలని రూలేం లేదు, నిజంగా కలుసుకోవు కూడా. రెక్క గాలిని కిందికి మళ్లిస్తే గాలి రెక్కని పైకి తోస్తుంది అని చెప్పినదే తీసుకోండి.

పాప ఫ్రిజ్ ప్రశ్న నాకు భలే నచ్చింది. చల్లదనం ఎక్కణ్ణుంచీ రాదు, లోపలి వేడే బయటికి పోతుంది. పైపుల్లో తిరిగే ద్రవం లోపల ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది, కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి బయటి పైపుల్లోకి పంపితే అక్కడ మళ్లీ ద్రవంగా మారుతూ ఆ వేడిని గదిలో వదిలేస్తుంది. ఫ్రిజ్‌కే బయటివైపు, పక్కభాగం మీద చెయ్యి పెట్టించండి, చాలావాటికి అక్కడే వెచ్చగా తగులుతుంది.

పెన్సిల్‌గీత:
ఆ తొమ్మిది గ్రహాల పుస్తకం మాత్రం పారెయ్యకండి ప్లీజ్. మా అమ్మాయి పాత పుస్తకంలో మారిన అంకె పక్కన పెన్సిల్‌తో కొత్త అంకె, తారీఖు రాసుకుంటుంది, దాంతో సైన్స్‌లో మాట మారుతుందని దానికదే తెలిసొచ్చింది. ఇంకోటి, జేమ్స్ వెబ్ టెలిస్కోప్ ఫోటోలుంటే ఆ రంగులు మన కంటికి కనిపించని పరారుణ కాంతికి మనవాళ్లు వేసుకున్న రంగులని పుస్తకంలో చెప్పారేమో చూడండి.

చుక్కలపందిరి:
అందరికీ థాంక్సండి. రాత్రే రెండూ ముందేసుకుని కూర్చున్నాం. లైబ్రరీ పుస్తకంలో "అంతరిక్షంలో గురుత్వాకర్షణ లేదు" అని పెద్దక్షరాల్లో ఉంది, నేను తీసేద్దామనుకున్న పాతదాంట్లో వ్యోమగాములు భూమి చుట్టూ పడుతూ తిరగడం, భూమి వంపు రెండూ బొమ్మలతో సహా సరిగ్గా ఉన్నాయి. పాపే పెన్సిల్ తెచ్చి తొమ్మిది పక్కన 8, 2006 అని రాసింది. పూసలు, స్కేలు కూడా అయింది, ఇప్పుడు మరి సూర్యుడెక్కడ అంటుంది. లెక్కేస్తే 109 సెంటీమీటర్ల బంతి 117 మీటర్ల అవతల ఉండాలట. పొద్దున్నే టేపు పట్టుకుని బయల్దేరుతున్నాం.