మా ఊరి ప్రాథమిక పాఠశాలకు కొత్త చిహ్నం: రూపకల్పన, ఆవిష్కరణ గురించి సలహాలు కావాలి

కాళంగి తీరం:

పెద్దలకు నమస్కారం. తిరుపతి జిల్లా దొరవారిసత్రం వైపు, నేలపట్టు పక్షుల కేంద్రానికి దగ్గరలో ఉన్న చిన్న పల్లె మాది. మా మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలకు ఇంతవరకు సొంత చిహ్నమంటూ లేదు. గేటు మీది బోర్డులో పేరు, యూడైస్ కోడు (ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య) మాత్రమే ఉంటాయి. ఈ ఏడాది ప్రహరీ గోడకు రంగులు వేయిస్తున్నాం కాబట్టి, గోడ మీదా పిల్లల గుర్తింపు కార్డుల మీదా ఉండేలా ఒక చిహ్నం చేయిద్దామని పూర్వ విద్యార్థులం కొందరం ప్రధానోపాధ్యాయినిగారిని అడిగాం. ఆమె సంతోషంగా ఒప్పుకుని, ముందుగా పిల్లల చేతనే బొమ్మలు వేయించారు.

వచ్చిన బొమ్మల్లో ఎక్కువ భాగం గూడబాతులే (పెలికాన్ పక్షులు). మూడో తరగతి అమ్మాయి ఒకతె వేసిన బొమ్మలో తల్లి పక్షి నోరు తెరిచి ఉంటే, పిల్ల తన తలంతా ఆ ముక్కు కింది సంచిలోకి దూర్చి చేపను అందుకుంటోంది. నాకు అదే నచ్చింది. పెద్దల అభిప్రాయాలు మాత్రం తలో రకంగా ఉన్నాయి. దీపం, పుస్తకం, ఉదయించే సూర్యుడు ఉంటేనే బడి చిహ్నంలా ఉంటుందని కొందరు, సూళ్ళూరుపేట ఫ్లెమింగో పక్షుల పండుగతో మా ప్రాంతానికి పేరొచ్చింది కాబట్టి ఫ్లెమింగో ఉండాలని మరికొందరు అంటున్నారు. పైన మూడు సింహాల ముద్ర పెట్టాలని ఒక పెద్దాయన పట్టుబడుతున్నారు. దేనిని ఎంచుకోవాలి, ఎవరి అనుమతి తీసుకోవాలి, ఆవిష్కరణ ఎప్పుడు ఎలా జరపాలి అన్న విషయాల్లో అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

డ్రాయింగ్ మాస్టారు:

గూడబాతునే ఉంచండి. ఫ్లెమింగోలు అందమైనవే, కాదనను; కానీ అవి పులికాట్ సరస్సుకు మేత కోసం వచ్చే పక్షులు, పిల్లల్ని పెంచేది ఎక్కడో కచ్ఛ్ రణ్‌లో. గూడబాతులు అలా కాదు. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండగానే వచ్చి, నీళ్ళలో నిలిచిన కడప చెట్ల మీద గూళ్ళు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలకు రెక్కలు వచ్చేదాకా మీ దగ్గరే ఉంటాయి. ఆ పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీరు పొలాలకు బలమని మీ ప్రాంతపు రైతులు తరతరాలుగా వాటిని కాపాడుకుంటూ వస్తున్నారు. పిల్లల్ని పెంచి ఎగరనిచ్చే పక్షి కంటే ప్రాథమిక పాఠశాలకు తగిన గుర్తు ఏముంటుంది? దీపం, పుస్తకం ఏ ఊరి బడికైనా సరిపోతాయి, కాబట్టి అవి మీ ఊరిని గుర్తు చేయలేవు.

ఇక గీతల విషయం. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళా పరిషత్తు (ఆంధ్ర విశ్వవిద్యాలయం) చిహ్నాన్ని కౌతా రామమోహనశాస్త్రిగారు రూపొందించారు. పద్మం, సూర్యుడు, నాగులు, సంస్కృత సూక్తి, ఇన్ని అంశాలు ఒక్కచోట ఒదిగిన గొప్ప పనితనం అది, పట్టా కాగితం మీద నిండుగా కనబడుతుంది. మీ చిహ్నం పని వేరు. అది ఐదో తరగతి పిల్లవాడు పలక మీద వేయగలిగేంత తేలికగా ఉండాలి, రూపాయి బిళ్ళంత సైజుకు తగ్గించినా పక్షి పక్షిలాగే కనిపించాలి. అందుకని ఆ అమ్మాయి వేసిన తల్లీపిల్లల భంగిమను తీసుకుని, కింద నీటికి రెండు అలల గీతలు, పక్కన ఒక కొమ్మ చాలనుకుంటాను. గూడబాతు పైముక్కు అంచున వరుసగా ఉండే చుక్కలను వదలవద్దు, దాన్ని కొంగ నుంచి వేరుచేసి చూపేవి ఆ చుక్కలూ కింది సంచీనే.

అక్షరాల దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. పాఠశాల పూర్తి పేరును వలయం చుట్టూ తిప్పితే చిన్న సైజులో ఒత్తులు అలుక్కుపోతాయి, కనుక వలయంలో ఊరి పేరు మాత్రం ఉంచి పూర్తి పేరును విడిగా కింద రాయించండి. సూక్తి కావాలంటే, గుణింతాలు మాత్రమే వచ్చిన పిల్లలు కూడా కూడబలుక్కుని చదవగలిగేలా, ఒత్తులు లేని మాటలు ఎంచుకోండి. ఉదాహరణకు ‘అడుగు, చదువు, ఎదుగు’. డీటీపీ సెంటరులో అక్షరాలను కర్వ్స్‌లోకి, అంటే ఫాంటుతో పని లేని గీతల రూపంలోకి, మార్పించి ఫైలు తీసుకోండి, లేకపోతే మరో కంప్యూటరులో తెరిచినప్పుడు ఫాంటు లేక తెలుగు చెదిరిపోతుంది.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు:

సింహాల ముద్ర గురించి ఆ పెద్దాయనకు మర్యాదగా నచ్చజెప్పండి. అది భారత రాజ్య చిహ్నం. దాని వాడకాన్ని నియంత్రించడానికి 2005లో ప్రత్యేకంగా చట్టమే వచ్చింది. ప్రభుత్వ బడి అయినంత మాత్రాన దాన్ని మనకు మనంగా తీసుకుని సొంత చిహ్నంలో కలుపుకోకూడదు. పూర్ణఘటంతో కూడిన రాష్ట్ర చిహ్నం విషయంలోనూ ఇదే జాగ్రత్త పాటించండి.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఉదయించే సూర్యుడు, కమలం, సైకిలు వంటివి ఏదో ఒక పార్టీ ఎన్నికల గుర్తులు, రంగులకూ అదే తంటా. మన రాష్ట్రంలో పంచాయతీ భవనాల రంగుల వివాదం 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. తెలుపు మీద ఇటుక రంగు ఒక్కటే వాడితే ఎవరికీ ఏ పార్టీ గుర్తుకు రాదు, ఖర్చూ తగ్గుతుంది. చిహ్నాన్ని పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో పెట్టి తీర్మానం రాయించి, దాని నకలును మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో ఇచ్చి, ఆ తరువాతే గోడ మీద వేయించండి.

పులికాట్ గాలి:

ఆవిష్కరణకు నవంబరు 12 బాగుంటుంది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1896లో పుట్టిన రోజు అది, అప్పటికి గూడబాతులు కూడా చెరువుకు చేరి ఉంటాయి. రిపబ్లిక్ డే నాడు పెట్టుకోవద్దని నా మనవి, ఆ రోజు గౌరవమంతా జెండాకే చెందాలి. ఫ్లెక్సీ మీద ముద్రిస్తే ఒక ఎండాకాలానికే వెలిసిపోతుంది, ఇనుప రేకు మన ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. సిమెంటు గోడ మీద మంచి పెయింటరు చేత ఎనామెల్ రంగుతో వేయించండి, వీలైతే గ్రానైటు పలక మీద చెక్కించండి. అతిథులు ఎవరు వచ్చినా, తెర తొలగించేది మాత్రం ఆ బొమ్మ వేసిన పిల్లలే కావాలి. దాతల పేర్లు చిహ్నం పక్కన కాకుండా వేరే గోడ మీద ఉంటే మంచిది.

కాళంగి తీరం:

అందరికీ ధన్యవాదాలు. మాస్టారు చెప్పిన తల్లీపిల్లల భంగిమ, ఒకే రంగు, నవంబరు 12 తేదీ, ఈ మూడింటినీ వచ్చే కమిటీ సమావేశంలో ప్రతిపాదిస్తాం. సింహాల ముద్ర కోరిన పెద్దాయనకు చట్టం సంగతి ప్రధానోపాధ్యాయినిగారు చెప్పగా ఆయన వెంటనే ఒప్పుకున్నారు, పైగా గ్రానైటు పలక ఖర్చు తాను భరిస్తానన్నారు. బదిలీల్లో ఉపాధ్యాయులు మారినా ఫైలు పోకుండా, పిల్లల అసలు బొమ్మలనూ కర్వ్స్ ఫైలునూ తీర్మానంతో కలిపి బడి రికార్డులో ఉంచుతాం. పెయింటరుకు ఇచ్చే ముందు తుది రూపాన్ని ఇక్కడ పెడతాను, ముక్కు మీది చుక్కలు సరిగ్గా కుదిరాయో లేదో మాస్టారు ఒకసారి చూసి చెప్పాలి.