పడగ్గదిలో డీజేకీ, ప్రొడక్షన్‌కీ ఒకే జత స్పీకర్లు: 5 అంగుళాలా, 8 అంగుళాలా?

రాత్రిమిక్స్:
గది చిన్నది, 3.4 మీటర్ల పొడవు, 2.9 మీటర్ల వెడల్పు. ఒక గోడ నిండా అల్మరా ఉంది, దాని తలుపులు తెరుచుకోవాలి కాబట్టి టేబుల్‌ని బాగా ముందుకి లాగి వేసుకున్నాను. దాని మీదే కంట్రోలర్, ల్యాప్‌టాప్, ఆడియో ఇంటర్‌ఫేస్. హౌస్, టెక్నో (డ్యాన్స్ సంగీతం) సెట్లు ప్రాక్టీస్ చేసేదీ, సొంత ట్రాకులు కట్టుకునేదీ అక్కడే. ఇప్పుడు వాడుతున్నవి స్నేహితుడి దగ్గర తెచ్చుకున్న యమహా హెచ్‌ఎస్5లు, అంటే 5 అంగుళాల వూఫర్ (బేస్ పలికే పెద్ద కోన్) ఉన్న స్టూడియో స్పీకర్లు. వీటిలో కిక్ (బీట్‌లో దుమ్ముమనే డ్రమ్) అస్సలు తెలియట్లేదు. తెలియట్లేదని పెంచుకుంటూ పోతాను, ఇక్కడ బాగుంది అనిపించాక అదే ట్రాక్ కారులో పెడితే అద్దాలు అదురుతాయి, కిక్ తప్ప ఇంకేమీ వినపడదు. 5 అంగుళాలు చాలవు, 8 తీసుకోమని ఇద్దరు చెప్పారు, 8 ఈ గదికి ఎక్కువని ఇంకో ఇద్దరు చెప్పారు. ఒక్క జతే కొనగలను, పక్క ఫ్లాట్‌తో గోడ ఒకటే కాబట్టి సబ్‌వూఫర్ ఆలోచన లేదు. ఏది కొనమంటారు?

ఫేడర్‌బాబు:
8. ఇందులో చర్చ ఏముంది? హెచ్‌ఎస్5 కింద 54 హెర్ట్జ్ (అంకె తగ్గేకొద్దీ బేస్ లోతు) దాకా వెళ్తుందని కంపెనీయే రాసింది, హెచ్‌ఎస్8 అయితే 38 దాకా వెళ్తుంది. టెక్నో కిక్ అసలు బరువంతా 45 నుంచి 60 మధ్యే ఉంటుంది. స్పీకర్‌లోంచి రానిదాన్ని నువ్వెలా వింటావు గురూ? పైగా నువ్వు డీజేవి. రెండు ట్రాకుల బేస్‌లైన్లు ఒకదాని మీద ఒకటి పడి గజిబిజి అయ్యేది ఆ కింది భాగంలోనే. ఒక ట్రాక్ బేస్ నాబ్ తగ్గించి ఇంకోదానిది పెంచేటప్పుడు ఆ మార్పు ఒంటికి తెలియాలి. చిన్న స్పీకర్ల మీద నేర్చుకుంటే పెద్ద సిస్టమ్ ముందు నిలబడ్డ రోజు తెలుస్తుంది, ఇన్నాళ్ళూ రెండు బేస్‌లు కలిపి వాయిస్తున్నానా అని. నాకు జరిగింది కాబట్టి చెప్తున్నాను.

మూలగది:
ఫేడర్‌బాబు గారూ, ఆ 54, 38 రెండూ మైనస్ 10 డీబీ (డెసిబెల్, శబ్దం కొలత) దగ్గర లెక్కలు. అంటే అప్పటికే శబ్దం దాదాపు సగానికి పడిపోయినట్టు వినిపిస్తుంది. మైనస్ 3 దగ్గర చూస్తే హెచ్‌ఎస్5 74 హెర్ట్జ్, హెచ్‌ఎస్8 47. అంటే మీ వాదన ఇంకా బలపడుతుందని తెలుసు, అయినా లెక్క లెక్కే. ఇద్దరు కంపెనీల వాళ్ళు వేరే వేరే కొలతలు రాస్తే పోల్చడం ఎలాగో చూసుకోవాలి కదా, చాలామంది పెట్టె మీద నంబర్ చూసి కొనేస్తారు.

నా మాట మాత్రం 5 అంగుళాలూ, ఒక మంచి హెడ్‌ఫోనూ. పేరు చూస్తే రాత్రిపూట పని చేసే మనిషిలా ఉన్నారు. రాత్రి ఎంత సౌండ్ పెడతారు? సౌండ్ తగ్గేకొద్దీ మన చెవే బేస్‌ని ముందుగా వదిలేస్తుంది. ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని గీతలు గీసి చూపించారు. గుసగుసల స్థాయిలో వింటే 8 అంగుళాల స్పీకర్ కూడా పల్చగానే ఉంటుంది, దాని బలం చూపించాలంటే సౌండ్ పెంచాలి, పెంచితే పక్కింటివాళ్ళు గోడ కొడతారు. బేస్‌ని గోడ ఆపదు, టింగుటింగులనే ఆపుతుంది.

ఫేడర్‌బాబు:
హెడ్‌ఫోన్‌లో మిక్స్ చేయమంటున్నారా? ఎడమ చెవికి ఎడమదే, కుడి చెవికి కుడిదే వినపడుతుంది. స్పీకర్‌లో రెండూ కలుస్తాయి. రివర్బ్ (గది మోత) ఎంత వెయ్యాలి, ప్యానింగ్ (ఎడమా కుడీ పంచడం) ఎంత, ఏదీ సరిగా తేలదు.

మూలగది:
హెడ్‌ఫోన్‌లో *మాత్రమే* అనలేదు. 60 హెర్ట్జ్ కింద ఏం జరుగుతోందో చూసుకోవడానికి అన్నాను. హెడ్‌ఫోన్‌కి గది ఉండదు, అదే దాని గొప్ప. ప్యానింగ్, రివర్బ్, గొంతు ఎంత ముందుకి ఉండాలి అన్నవన్నీ స్పీకర్‌లో. కింది భాగం హెడ్‌ఫోన్‌లో. స్పెక్ట్రమ్ అనలైజర్ (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దముందో చూపించేది) తెరిచి నచ్చిన ట్రాక్‌ని పక్కన పెట్టుకుని చూస్తే ఇంకా మంచిది.

కొత్తచెవి:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నా దగ్గర పెద్ద బ్లూటూత్ పార్టీ స్పీకర్ ఉంది, బేస్ అదిరిపోతుంది. దాంతో డీజే ప్రాక్టీస్ చేసుకోవచ్చా?

మూలగది:
బ్లూటూత్ మీద వద్దు. మామూలుగా 150, 200 మిల్లీసెకన్ల ఆలస్యం ఉంటుంది. 120 బీపీఎం (నిమిషానికి 120 బీట్లు) దగ్గర ఒక బీట్ 500 మిల్లీసెకన్లు, అందులో నాలుగో వంతు 125. అంటే మీరు బటన్ నొక్కాక శబ్దం వచ్చేసరికి ఒక పదహారో నోటు దాటిపోతుంది. ఆక్స్ వైరు పెట్టుకునే చోటు ఉంటే ప్రాక్టీస్‌కి లాగించొచ్చు, కొన్ని స్పీకర్లు వైరుతో పెట్టినా లోపల ఆలస్యం చేస్తాయి, ఒకసారి చూసుకోండి.

పాతచెవి:
నిన్నటి నుంచి చదువుతున్నాను. అందరూ స్పీకర్ గురించే మాట్లాడుతున్నారు, తమ్ముడు మొదటి పోస్టులో రాసిన టేబుల్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. రాత్రిమిక్స్, ఒక ప్రశ్న. కుర్చీలో కూర్చున్నప్పుడు నీ తల ముందు గోడకి ఎంత దూరంలో ఉంటుంది? టేపు పెట్టి కొలిచి చెప్పు.

రాత్రిమిక్స్:
కొలిచానండి. 1.7 మీటర్లు, ఒక అంగుళం అటూ ఇటూ. స్పీకర్ల ముందు భాగం నుంచి గోడకి 90 సెంటీమీటర్లు.

పాతచెవి:
అనుకున్నాను. 3.4 మీటర్ల గదిలో 1.7 అంటే సరిగ్గా నడిమధ్య. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది. గది పొడవుకి రెట్టింపు, 6.8తో భాగించు. 50 హెర్ట్జ్ వస్తుంది. ఆ 50 హెర్ట్జ్ అల రెండు గోడల మధ్య నిలబడిపోతుంది, గోడల దగ్గర గట్టిగా, మధ్యలో దాదాపు సున్నా. నువ్వు ఆ సున్నాలో కుర్చీ వేసుకుని కిక్ లేదంటున్నావు. కిక్ ఉంది నాయనా, నీ వెనక మంచం మీద పడుకుని ఉంది.

ఇంకోటి. స్పీకర్ నుంచి వెనక్కి వెళ్ళిన బేస్ గోడకి తగిలి తిరిగొచ్చి ముందుకొచ్చేదాన్ని కొట్టేస్తుంది. ఎక్కడ కొడుతుందంటే, గోడకి ఉన్న దూరానికి నాలుగు రెట్లు పొడవున్న అల దగ్గర. 90 సెంటీమీటర్లకి 3.6 మీటర్ల అల, అంటే 95 హెర్ట్జ్ చుట్టుపక్కల. కిక్‌కి కింద 50 పోయింది, పైన 95 తగ్గింది. ఇక మిగిలింది ఏమిటి?

దీనికి 8 అంగుళాలు తెచ్చినా, 12 తెచ్చినా అదే కథ. కొనేముందు ఒక పని చెయ్యి. 50 హెర్ట్జ్ సైన్ టోన్ (ఆ ఒక్క స్వరమే ఉండే శబ్దం) పెట్టి, సౌండ్ మితంగా ఉంచి, గదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మెల్లగా నడువు.

ఫేడర్‌బాబు:
పాతచెవి గారూ, మీరంటే గౌరవమే గానీ ప్రతి స్పీకర్ చర్చనీ గది చర్చ చేసేస్తారు. అయితే ఒకటి ఒప్పుకుంటాను, మొదటి పోస్టులో టేబుల్ సంగతి నేను సరిగా చదవలేదు. ఎలాగూ గోడకి దగ్గరగా పెట్టాల్సొస్తే వెనక రంధ్రం (పోర్ట్) ఉన్న స్పీకర్లు వద్దు, అది ముందు ఉన్నవి తీసుకోమనండి.

పాతచెవి:
ఇది కూడా అందరూ అనే మాటే. పోర్ట్ ముందున్నా వెనకున్నా ఆ కింది శబ్దం పెట్టె చుట్టూ తిరిగి అన్ని వైపులకీ వెళ్తుంది. పెట్టె కంటే అల ఎన్నో రెట్లు పెద్దది, దానికి ముందూ వెనకా తెలియదు. పోర్ట్‌కి గాలి ఆడటానికి కొన్ని సెంటీమీటర్లు వదిలితే చాలు. గోడ దగ్గర బేస్ పెరగడం అన్ని స్పీకర్లకీ ఉంటుంది, అందుకే హెచ్‌ఎస్ వాటి వెనక రూమ్ కంట్రోల్ స్విచ్ పెట్టారు, 500 హెర్ట్జ్ కింద 2 గానీ 4 గానీ డీబీ తగ్గిస్తుంది. గోడకి దగ్గరగా నెడితే ఆ కొట్టుకుపోయే చోటు కూడా పైకి జరుగుతుంది. స్పీకర్ ముఖం గోడకి 35 సెంటీమీటర్లలో ఉంటే 245 దగ్గర పడుతుంది, అక్కడైతే మందపాటి రాక్‌వుల్ (శబ్దాన్ని పీల్చే రాతి దూది) ప్యానెల్ ఏదో ఒకటి చేయగలదు. 95 దగ్గర ప్యానెల్ ఏం చేస్తుంది పాపం. చిన్న గదిలో స్పీకర్‌ని అటూ ఇటూ కాకుండా గోడకి మీటరు దూరంలో నిలబెట్టడం కంటే గోడ దగ్గరికి నెట్టడమే నయం.

బూత్‌మావ:
నేనైతే 10 అంగుళాల పీఏ (సభలకీ, పార్టీలకీ పెట్టే) స్పీకర్లు వాడుతున్నాను, యాక్టివ్‌వి (ఆంప్ లోపలే ఉన్నవి). డీజేకి అంతకన్నా ఏం కావాలి?

మూలగది:
డీజేకి ఓకే మావా. మీటరు దూరంలో కూర్చుని మిక్స్ చేయడానికి కాదు. పాట ఆగినప్పుడు ఆ హిస్ వినండి.

రాత్రిమిక్స్:
చేశాను. నిజంగా భయమేసింది. 50 పెట్టి కుర్చీలో కూర్చుంటే స్పీకర్ ఆఫ్ అయిందేమో అని లేచి చూశాను, కోన్ కదులుతూనే ఉంది. తలుపు దగ్గరికి వెళ్తే గూబలు అదిరాయి. మళ్ళీ వెనక్కి రెండడుగులు వేస్తే మాయం.

అంతటితో ఆగలేదు. ఫేడర్‌బాబు అన్న మాట మనసులో ఉండి, ఇంకో స్నేహితుడి దగ్గర హెచ్‌ఎస్8లు రెండు రోజులకి అడిగి తెచ్చాను (ఒక్కోటి 10 కిలోలు, మెట్లెక్కించేసరికి నడుము పట్టేసింది). అదే టేబుల్, అదే కుర్చీ, అదే టోన్. అదే మాయం. 40 హెర్ట్జ్ మాత్రం వీటిలో స్పష్టంగా ఉంది, 5లో లేదు.

ఫేడర్‌బాబు:
ఆ చివరి వాక్యం మళ్ళీ చదవండి అందరూ. 40 హెర్ట్జ్ ఉంది, 5లో లేదు. 50 మాయమయ్యే ఆ గోతి గదిది, ఒప్పుకున్నాను. కానీ గోతిలోంచి బయటికొచ్చాక కూడా 5 అంగుళాల్లో 40 రాదు. బేస్ గిటార్ అట్టడుగు ఈ స్వరమే 41 హెర్ట్జ్. కుర్చీ జరిపితే అది పుట్టుకురాదు కదా.

మూలగది:
రాదు. కానీ మీటరు లోపల 8 అంగుళాలు పెట్టుకుంటే ఇంకో తలనొప్పి ఉంది. వూఫర్, ట్వీటర్ (సన్న శబ్దాలు పలికేది) ఒకే చోటి నుంచి వస్తున్నట్టు కలవాలంటే కాస్త దూరం కావాలి, పెద్ద వూఫర్ అయితే ఇంకా ఎక్కువ దూరం. తల కొంచెం వంచితే గొంతు రంగు మారిపోతుంది. యమహా ఎన్‌ఎస్-10 గుర్తుందా, తెల్ల కోన్‌ది? 1978లో ఇళ్ళ కోసం వచ్చి, స్టూడియోల్లో తిష్ట వేసి, 2001లో ఆగిపోయింది. దాంట్లో కింద బేస్ ఎక్కడుంది? అయినా దాని మీద చేసిన మిక్సులు ప్రపంచమంతా తిరిగాయి.

ఫేడర్‌బాబు:
ఆ స్టూడియోల్లో ఎన్‌ఎస్-10 వెనక గోడలో బీరువా సైజు మెయిన్ మానిటర్లు కూడా ఉండేవి సార్. ఆ సగం మాత్రం ఎవరూ చెప్పరు.

పాతచెవి:
అది నిజమే, ఫేడర్‌బాబుకి ఆ పాయింట్ ఇచ్చేయాలి.

మూలగది:
ఇచ్చాను. రాత్రిమిక్స్, ఒక కొలిచే మైకు దొరికితే ఆర్‌ఈడబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో గది కొలుచుకోండి. తర్వాత ఈక్యూతో (ఒక్కో హెర్ట్జ్ భాగాన్ని పెంచీ తగ్గించేదానితో) సరిచేయొచ్చు.

పాతచెవి:
ఉబ్బిన చోటు తగ్గించొచ్చు. గోతిని మాత్రం ఈక్యూతో పూడ్చకు. 50 దగ్గర 10 డీబీ పెంచితే ఎదురొచ్చేది కూడా 10 పెరుగుతుంది, రెండూ మళ్ళీ కొట్టేసుకుంటాయి, మధ్యలో ఆంప్‌కి ఆయాసం తప్ప నీకు దక్కేదేం లేదు. కుర్చీ జరుపు. గది పొడవులో 38 శాతం దగ్గర మొదలుపెట్టమంటారు, నీకు 1.3 మీటర్లు అవుతుంది. అది మొదలుపెట్టే చోటు మాత్రమే, అక్కడి నుంచి చెవితో అటూ ఇటూ జరుపుకో.

రాత్రిమిక్స్:
ఆదివారం మొత్తం గది తిరగేశాను. టేబుల్‌ని అల్మరాకి ఎదురు గోడకి చేర్చాను, స్పీకర్లు గోడకి దగ్గరగా, ట్వీటర్లు చెవి ఎత్తుకి, తల 1.25 దగ్గర. వెనక స్విచ్ మైనస్ 2. పాత ట్రాక్ పెట్టాను. రెండు నెలలుగా నేను కిక్ ఎంత పెంచానో అప్పుడు తెలిసింది, నా ట్రాక్ నేనే వినలేకపోయాను. 5 డీబీ తగ్గించి కారులో పెట్టాను, మొదటిసారి మా అన్నయ్య సౌండ్ తగ్గించమనలేదు.

తర్వాత 8లు కూడా అక్కడే పెట్టి విన్నాను. పగలు, గట్టిగా పెట్టి మిక్స్ చేస్తుంటే ఫేడర్‌బాబు చెప్పింది అక్షరాలా నిజం, బేస్ మార్చే క్షణం కడుపులో తెలుస్తోంది. రాత్రి పదకొండింటికి నేను పెట్టే సౌండ్‌లో మాత్రం రెండింటికీ తేడా చాలా తక్కువ. నా పనిలో ముప్పాతిక రాత్రే. అందుకని 5 అంగుళాలవే కొంటున్నాను, మిగిలిన డబ్బు ఒక ఓపెన్ బ్యాక్ (వెనక మూసి ఉండని) హెడ్‌ఫోన్‌కీ, రాక్‌వుల్‌కీ.

ఫేడర్‌బాబు:
పెద్ద సిస్టమ్ మీద మొదటి గిగ్ (ప్రదర్శన) అయ్యాక ఇదే థ్రెడ్‌కి వచ్చి రాయి. అప్పుడు మాట్లాడుకుందాం.

రాత్రిమిక్స్:
తప్పకుండా. ఈలోపు ఇంకో గోల మొదలైంది. ఇప్పుడు అల్మరా నా వెనక పడింది కదా, కొన్ని ట్రాకుల్లో ఏదో డిస్టార్షన్ వస్తోందని గంటసేపు ఇంటర్‌ఫేస్, కేబుళ్ళు అన్నీ మార్చి చూశాను. చివరికి తేలిందేంటంటే 60 హెర్ట్జ్ చుట్టుపక్కల ఎడమ తలుపు కొట్టుకుంటోంది.

ఫేడర్‌బాబు:
కాగితం మడిచి తలుపు సందులో దూర్చు. దానికి ఏ సైజైనా పర్లేదు.