గుడ్ల పరాన్నజీవి కందిరీగలో ఆడవి మాత్రమే దొరికితే కొత్త జాతిగా వర్ణించవచ్చునా?

నిమ్మచెట్టు (ప్రశ్న):

నమస్కారం. నేను రాజేంద్రనగర్‌లో కీటకశాస్త్ర పరిశోధన విద్యార్థిని. మేము అద్దెకుంటున్న ఇంటి పెరటి నిమ్మచెట్టు లేత ఆకుల మీద సీతాకోకచిలుక పెట్టిన గుడ్లను తెచ్చి గాజు గొట్టాల్లో ఉంచగా, నల్లబడిన నాలుగు గుడ్లలోంచి అర మిల్లీమీటరు కూడా లేని కందిరీగలు అరవై మూడు బయటికి వచ్చాయి. పాదంలో మూడే ఖండితాలు ఉండటం, ముందు రెక్క మీది కేశాలు వరుసలు తీరి ఉండటం చూసి ట్రైకోగ్రామా ప్రజాతి అని నిర్ధారించుకున్నాను. జాతిని తేల్చే పట్టికలో మాత్రం కొద్ది మెట్ల తరువాత ఆగిపోయాను. అక్కడి నుంచి ప్రతి ప్రశ్నా మగ కీటకం జననాంగాల గురించే. నా దగ్గరున్నవన్నీ ఆడవే.

మా ప్రయోగశాలలో ట్రైకో కార్డుల (ఈ కందిరీగలున్న గుడ్లను అంటించి పొలాల్లో పెట్టే అట్టముక్కలు) కోసం పెంచే ట్రైకోగ్రామా కైలోనిస్ జాతితో పోల్చి చూశాను. నావి ఇంకా చిన్నవి, రంగు ముదురు, రెక్క అంచు కేశాలు రెక్క వెడల్పుతో పోలిస్తే పొడవు. ఈ తేడాలతో కొత్త జాతిగా రాయవచ్చునా? మూసీ నది కలిసి వచ్చేలా ఒక పేరు కూడా అనుకున్నాను.

పాత స్లైడు:

మీరు చెప్పిన మూడు తేడాల్లో ఒక్కదాని మీదా కొత్త జాతి నిలబడదు. ట్రైకోగ్రామా ఒంటి రంగు అది పెరిగిన ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. చల్లదనంలో పెరిగినవి ముదురుగా ఉంటాయి. పరిమాణమంటారా, గుడ్డు ఎంత పెద్దది, దాన్ని ఎన్ని పంచుకున్నాయి అన్నదాని మీద ఆధారపడుతుంది. మీ లెక్కన ఒక్కో గుడ్డులో పదిహేను దాకా పెరిగాయి కనుక అవి చిన్నవి కాకపోతేనే ఆశ్చర్యపోవాలి. ఒళ్ళు చిన్నదైతే రెక్క సన్నబడుతుంది, అంచు కేశాలు ఆ నిష్పత్తిలో పొడవుగా కనిపిస్తాయి. అంటే మీ మూడో తేడా రెండో తేడాకు నీడ మాత్రమే. ట్రైకోగ్రామా సెంబ్లిడిస్ అనే జాతిలో మగవి చిమ్మట గుడ్లలో పెరిగితే రెక్కలతోను, నీటి ఒడ్డున బతికే సియాలిస్ అనే కీటకం గుడ్లలో పెరిగితే రెక్కలు లేకుండాను పుడతాయి. ఆ రెండింటినీ పక్కపక్కన పెడితే ఒకే జాతి అని ఎవరూ నమ్మరు.

ఈ ప్రజాతిలో మగ జననాంగాలకు అంత ప్రాధాన్యం ఇచ్చింది మన దగ్గరివారే. బెంగుళూరులో పనిచేసిన నాగర్కట్టి, నాగరాజ గార్లు వివిధ జాతులను ఒకదానితో ఒకటి జత కట్టించి, సంతానం కలుగుతుందో లేదో చూసి, ఆ ఫలితాలకు జననాంగాల ఆకృతి సరిపోతోందని గమనించి, 1971లో తెలిసిన జాతులను ఆ ఆధారంతో మళ్ళీ వర్ణించారు. మీ కార్డుల మీది కీటకాన్నే మన దేశంలో ఒకప్పుడు ఆస్ట్రేలికమ్ అన్నారు, తరువాత కన్ఫ్యూజమ్ అన్నారు, చివరికి 1941 నాటి కైలోనిస్ పేరే ఖాయమైంది. ఆ మధ్య పేరులోనే గందరగోళం ఉంది చూడండి.

తేనెచుక్క:

నాలుగు గుడ్లలో ఒక్క మగది కూడా లేకపోవడం యాదృచ్ఛికం కాదనిపిస్తోంది. మామూలుగా ఒకే గుడ్డులో పుట్టిన అక్కచెల్లెళ్ళతో జతకట్టడానికి కనీసం ఒక మగదైనా ఉంటుంది. మామూలుగా జత కట్టని ఆడదానికి కొడుకులే పుడతాయి; ఓల్బాకియా అనే బాక్టీరియా ఒంట్లో ఉన్న ట్రైకోగ్రామాలు మాత్రం జత కట్టకుండానే ఆడపిల్లలను కంటాయి. అలాంటి వాటికి టెట్రాసైక్లిన్ కలిపిన తేనె పెడితే సంతానంలో మగవి మళ్ళీ పుడతాయని 1990లోనే నిరూపించారు.

ముందుగా ఒక పరీక్ష చేయండి. బతికున్నవాటికి కోర్సైరా (ప్రయోగశాలల్లో పెంచే బియ్యపు చిమ్మట) గుడ్లు ఇచ్చి, నల్లబడిన గుడ్లను ఒక్కొక్కటిగా వేరు చేసి ఉంచండి. కోర్సైరా గుడ్డులో సాధారణంగా ఒక్కటే పెరుగుతుంది కనుక బయటికి వచ్చే ఆడది కన్యే అవుతుంది. దానికి కూతుళ్ళే పుడితే అనుమానం నిజమైనట్టు, కొడుకులే పుడితే మీకు కావలసిన మగవి చేతికి వచ్చినట్టు. సీతాకోకచిలుక గుడ్డుతో ఈ పని కుదరదు; అందులో తోబుట్టువులు గుడ్డు దాటీ దాటకముందే జతకట్టేస్తాయి.

రెక్క అంచు:

మగవి దొరికాక వాటిని పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఉంచి కండరాలు కరిగించి, ఆల్కహాల్, లవంగ నూనెల మీదుగా కెనడా బాల్సంలోకి తీసుకువెళ్ళండి. స్లైడుకు బాల్సం బదులు హోయర్ ద్రవం వాడితే పని తొందరగా అవుతుంది గానీ కొన్నేళ్ళకు అది స్ఫటికాలు కట్టి చెడిపోతుంది. జననాంగాల్లో పైపలక ఆకారం, దాని భుజాలు ఎంత వెడల్పు, కొన ఎంతదాకా చేరుతుంది అన్నవి బొమ్మ గీసి చూపాలి. ఆడదానిలో స్పర్శశృంగం (మీసం) చివరి లావుపాటి గద, గుడ్లు పెట్టే సూది పొడవు వెనక కాలి జంఘికతో (పిక్క భాగంతో) పోల్చి ఇవ్వండి. ఒక్క నమూనా కొలత కాకుండా చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా కొలిచి వ్యాప్తి చెప్పండి.

మగ జననాంగాలే కీలకమన్న పాత స్లైడు గారితో ఒక్క విషయంలో విభేదిస్తాను. మగవి ఎప్పటికీ దొరకని వంశాలను పక్కన పడేయనక్కరలేదు. జాతులను వేరు చేయడానికి ఐటీఎస్2 అనే డీఎన్ఏ భాగపు వరుస ఈ ప్రజాతిలో బాగానే పనిచేస్తుంది. ప్రొటీనేజ్-కే ద్రావణంలో ఒక రాత్రి ఉంచి డీఎన్ఏ తీశాక మిగిలే తొడుగునే స్లైడు చేయవచ్చు. అయితే 2021లో కోస్టారికా బ్రకోనిడ్ కందిరీగలు 403 జాతులకు ప్రధానంగా డీఎన్ఏ బార్‌కోడుతోనే (జాతిని గుర్తించే చిన్న డీఎన్ఏ వరుసతోనే) పేర్లు పెట్టిన తీరు మీద ఎంత వివాదం రేగిందో గుర్తుంచుకుని, శరీర వర్ణనను వదలకండి.

నిమ్మచెట్టు:

ధన్యవాదాలండీ. ఒకవేళ కొత్తదే అని తేలితే నమూనాను మా విభాగం బీరువాలో ఉంచుకోవచ్చునా?

పాత స్లైడు:

కుదరదండీ. 1999 తరువాత ప్రచురించే ఏ కొత్త జాతికైనా పేరుకు ఆధారమైన నమూనా (సాధారణంగా హోలోటైప్ అనే ఒక్క నమూనా) ఏదో చెప్పాలి, అది ఏ సంగ్రహాలయంలో ఉందో కూడా రాయాలి. మన 2002 జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతి నమూనాను ఇందుకు ప్రభుత్వం గుర్తించిన సంస్థకు అప్పగించాలి. కోల్‌కతాలోని జంతు సర్వేక్షణ సంస్థకు పంపడం పరిపాటి.

ఇంకొక మాట. తెలిసిన జాతుల మూల నమూనాలతో పోల్చకుండా రాయవద్దు. పత్తి పిండినల్లి మీద దొరికిన కందిరీగకు 2009లో ఏనేసియస్ బంబావాలే అని మన దేశంలో పేరు పెట్టారు. తీరా చూస్తే అది అమెరికాలో ఎన్నో దశాబ్దాల క్రితమే గిరో అనే కీటక శాస్త్రవేత్త వర్ణించిన అరిజోనెన్సిస్ అని తేలింది. పిండినల్లి విదేశం నుంచి వచ్చినప్పుడు దాని శత్రువు కూడా వచ్చి ఉండవచ్చునన్న ఆలోచన ముందే రావడం అంత తేలిక కాదు. మీది నిమ్మ సీతాకోకచిలుక, స్థానికమైనదే. అయినా శ్రీలంక, థాయిలాండ్ దాకా పేర్ల జాబితా చూడండి.

నిమ్మచెట్టు:

ఈ ఉదయం కోర్సైరా గుడ్లు పదకొండు నల్లబడ్డాయి. ఒక్కోదాన్ని ఒక్కో గొట్టంలో పెట్టి, మూత లోపల తేనె చుక్క రాశాను. మూసీ పేరున్న కాగితాన్ని ప్రస్తుతానికి సొరుగులో దాచాను.