సంఘం లీడర్‌గా అందరినీ అడుగుతూ పోతే ఏదీ తెగట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న (నకిరేకల్ దగ్గరి ఊరు)
మాది 12 మంది ఉన్న మహిళా సంఘం. పాత లీడర్ అక్క ఎనిమిదేళ్లు నడిపింది. లోను ఎవరికి ఎంతో ఆమే చెప్పేది, మేం తీర్మానం పుస్తకంలో సంతకాలు పెట్టి పది నిమిషాల్లో ఇంటికి పోయేవాళ్లం. ఒక్క కిస్తీ కూడా ఆగలేదు, అది ఒప్పుకోవాలి. కానీ ఎప్పుడూ అవే నాలుగు ఇళ్లకు ఎక్కువ పైసలు పోయేవి, నోరు లేనివాళ్లకు ఇరవై వేలు దాటేది కాదు. ఈ ఏడాది నన్ను లీడర్‌ను చేశారు. ఆమెలా చేయొద్దని ప్రతిదీ అందరినీ అడుగుతున్నా. ఇప్పుడు రెండు గంటలు కూర్చున్నా ఏదీ తేలట్లేదు, "నీ ఇష్టం అక్కా, నువ్వే చెప్పు" అంటారు, నేను చెప్తే బయటికి పోయాక గొణుగుతారు. బ్యాంకు లోను 6 లక్షలు వచ్చి మూడు వారాలైంది, ఇంకా పంచలేదు, మిత్తి మాత్రం నడుస్తోంది. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. పాత అక్క పద్ధతే కరెక్టా?

జవాబు 1 (జడ్చర్ల, వీవోఏ, అంటే ఊరి మహిళా సంఘాలకు సాయం చేసే కార్యకర్త)
అక్కా, బ్యాంకుకు ఏ రోజు పోవాలి, మీటింగ్ ఎవరింట్లో, ఇట్లాంటివి మీరే తేల్చేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. లోను పంపకం మాత్రం వాళ్లతోనే చేయించాలి, ఒక్కరు కట్టకపోతే మిగతా పదకొండు మంది మీద పడుతుంది కాబట్టి. ఎంత కావాలి, దేనికి, నెలకు ఎంత కట్టగలరు, ఈ మూడూ ఇంట్లో మాట్లాడుకుని రమ్మని ముందు రోజే చెప్పండి. మీటింగ్‌లో ముందు మీరు నోరు విప్పకండి, లీడర్ ఒక మాట అన్నాక ఇంకెవరూ వేరే మాట అనరు. తలుపు దగ్గర చివర కూర్చునే ఆమెతో మొదలుపెట్టండి.

జవాబు 2 (నల్గొండ)
1930ల చివర్లో కర్ట్ లెవిన్, లిప్పిట్, వైట్ అనే ముగ్గురు మనస్తత్వ పరిశోధకులు అమెరికాలోని అయోవాలో పదేళ్ల మగపిల్లలను గుంపులు చేసి మాస్కుల వంటివి తయారు చేయించారు. ఒక పద్ధతిలో పెద్దమనిషి అన్నీ తానే చెప్పేవాడు, ఇంకోదాంట్లో పిల్లలతో కూర్చుని మాట్లాడి చేయించేవాడు, మూడోదాంట్లో వాళ్లకే వదిలేసేవాడు. ఆజ్ఞలతో పని బాగానే సాగింది గానీ ఆయన గది దాటగానే పడిపోయింది. మాట్లాడి చేయించిన గుంపు ఆయన లేకున్నా పని చేసింది. వదిలేసిన చోట పని అన్నిటికంటే తక్కువ. పిల్లల సంగతి సంఘానికి నేరుగా అంటించలేం, కానీ మీరు రాసింది చదివితే, రెండోది చేస్తున్నాననుకుని మూడోది చేస్తున్నారనిపించింది. "ఏం చేద్దాం" అని ఊరికే అడగడం వదిలేయడమే కదా.
ఇంకోటి, 1962లో క్యూబా క్షిపణుల సంక్షోభం అప్పుడు అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొన్ని మీటింగులకు కావాలనే రాలేదు, తను ఎదురుగా ఉంటే సలహాదారులు మనసులో మాట చెప్పరని. మీరూ కాసేపు బయటికి పోయి చూడండి.

జవాబు 3 (దేవరకొండ వైపు రైతు)
మా తాతల కాలంలో యాసంగికి చెరువు కింద తైబందీ పెట్టుకునేవాళ్లు. చెరువులో నీళ్లెన్ని ఉన్నాయో చూసి, ఎన్ని ఎకరాలకు సరిపోతాయో తేల్చుకుని, అంతవరకే నాటేవాళ్లు. నీళ్లు చూడకుండా ఎవరికెంత అని కూర్చుంటే కొట్లాటే. మీరు కూడా ముందు అందరూ అడిగింది కూడి, 6 లక్షల పక్కన గోడ మీద చాక్‌పీసుతో రాయండి, అప్పుడు మాట దానంతట అదే వస్తుంది. పాత లీడర్‌ను దూరం పెట్టకండి చెల్లె, ఎనిమిదేళ్లు వసూలు ఆగకుండా చూసిన మనిషి ఆమె.

ప్రశ్న అడిగినావిడ
నిన్న కూర్చున్నాం. అందరూ అడిగింది కూడితే 9 లక్షల 40 వేలైంది, గోడ మీద రాసి, వసూలు సంగతి పాత అక్కను చూడమని, నేను బయటికి పోయా. లోపల గట్టిగా అరుచుకున్నారు, పోవాలనిపించింది గానీ ఆగిపోయా. ఎప్పుడూ మాట్లాడని ఆమె, బర్రెను కొంటా, 60 వేలు కావాలి, నెలకు 3 వేలు కడతా అని లెక్క చెప్పిందట. మిగతావాళ్లు తలా కొంత తగ్గించుకున్నారు. ఒక్కరిది తేలలేదు, శుక్రవారం మళ్లీ కూర్చుంటాం. పదకొండు మందికి రేపు పైసలు పంచుతున్నా.