లీన్ కాన్వాసా, పూర్తి బిజినెస్ ప్లానా?

కొత్తపద్దు: చిన్న తయారీ యూనిట్ ఆలోచన. యంత్రానికి బ్యాంకు అప్పు కావాలి, ఒక భాగస్వామి కూడా ఉంటారు. వ్యాపార ఆలోచనను తొమ్మిది గళ్లలో రాసే ఒక పేజీ లీన్ కాన్వాస్ సరిపోతుందా, పాత పద్ధతిలో పూర్తి ప్లాన్ రాయాలా? భాగస్వామి వాటా ఎక్కడ చూపాలి? ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?

మూడోకాలమ్: అప్పు అన్నాక కాన్వాస్‌తో పని జరగదు. బ్యాంకు అడిగేది మొదటి ఏడాది నెలవారీ క్యాష్ ఫ్లో, తర్వాతి ఏళ్ల అంచనాలు, డీఎస్‌సీఆర్ (సంపాదన అప్పు వాయిదాలకు ఎన్ని రెట్లుందో చెప్పే నిష్పత్తి). దానికి నికర లాభం, తరుగుదల, వడ్డీ కలిపి, ఆ ఏడాది కట్టాల్సిన అసలు, వడ్డీల మొత్తంతో భాగించండి. 1 కంటే తగ్గితే వాయిదాలకే డబ్బు చాలదు. 1.25 కింద ఉంటే చాలామంది అప్పివ్వడానికి వెనకాడతారు.

తొమ్మిదిగళ్లు: నలభై పేజీలు రాశాక కొనేవాడే లేడని తేలితే ఆ డీఎస్‌సీఆర్ ఎందుకండీ? ముందు కాన్వాస్. తప్పైతే మొత్తం కూలిపోయే ఊహ ఏదో చూసి దాన్నే ముందు పరీక్షించండి. కొంటారా అని అడగొద్దు, అందరూ కొంటామనే అంటారు. ఇప్పుడా అవసరం ఎలా తీర్చుకుంటున్నారు, ఎంత పెడుతున్నారు, అడ్వాన్సు ఇస్తారా అని అడగండి. ఎంతమంది ఇస్తే ముందుకెళ్లాలో అడగకముందే రాసిపెట్టుకోండి.

పాతచిట్టా: కాన్వాస్‌లో భాగస్వాముల గడి ఉంది కదా, వాటా అక్కడ రాస్తే సరి.

తొమ్మిదిగళ్లు: అది ఆస్టర్‌వాల్డర్ బిజినెస్ మోడల్ కాన్వాస్. యాష్ మౌర్య లీన్ కాన్వాస్ చేసినప్పుడు భాగస్వాములు, కీలక పనులు, వనరులు, కస్టమర్ సంబంధాలు తీసేసి సమస్య, పరిష్కారం, కొలమానాలు, ఇతరులకు దొరకని బలం పెట్టారు. అయినా ఆ గడి సరఫరాదారుల్లాంటి బయటివాళ్లకు, పెట్టుబడి వాటాకు కాదు.

పాతచిట్టా: యంత్రం కొనేవాడికి వనరుల గడే లేని కాగితం ఇస్తారా? సామర్థ్యం, కరెంటు లోడు ఎక్కడ రాస్తాడు?

తొమ్మిదిగళ్లు: ఖర్చుల గడిలో. వాడి చూడకుండానే తీర్పు చెప్తున్నారు.

పాతచిట్టా: ఖర్చు వేరు, సామర్థ్యం వేరు. రోజుకు 100 తీసే యంత్రం పెట్టి 150 అమ్ముతానని రాసినా ఆ పేజీలో పట్టుబడదు. దానికి జవాబు చెప్పండి.

మూడోకాలమ్: ఇద్దరూ కాస్త ఆగండి. యూనిట్లను ముంచేది వర్కింగ్ క్యాపిటల్, అంటే రోజువారీ నడకకు కావాల్సిన డబ్బు. సరుకు 30 రోజులు నిల్వ ఉండి, 60 రోజుల అరువుకు అమ్మి, సరఫరాదారు మీకు 30 రోజులే గడువిస్తే, 60 రోజుల ఖర్చు మీరే మోయాలి. అమ్మకాలు పెరిగేకొద్దీ లోటు కూడా పెరుగుతుంది. పుస్తకంలో లాభం ఉంటుంది, ఖాతాలో డబ్బుండదు.

స్థిరఖర్చు: బ్రేక్ ఈవెన్ ఎవరూ ఎత్తలేదేం? ధర 500, ఒక్కోదానికి మారే ఖర్చు 300, నెలకు వడ్డీతో సహా స్థిర ఖర్చు 80,000 అనుకోండి. 400 అమ్మితే లాభనష్టాలు సరిసమానం. కానీ అప్పు అసలు నెలకు 20,000 కట్టాలంటే నగదు లెక్కన 500 అమ్మాలి. ధరలో 10 శాతం తగ్గింపు ఇచ్చారా, అదే 667 అవుతుంది. తగ్గింపులు ప్రకటించే ముందు ఈ లెక్క చూసుకోండి.

కొత్తపద్దు: మరి సాఫ్ట్‌వేర్?

స్థిరఖర్చు: స్ప్రెడ్‌షీట్ చాలు. ధర, అరువు రోజులు, వడ్డీ రేటు వంటి ఊహలన్నీ ఒకే షీటులో ఉంచండి. ఫార్ములాల లోపల అంకెలు రాస్తే తర్వాత ఏది మార్చాలో దొరకదు.

పాతచిట్టా: నెలవారీ సామర్థ్యం వరుస కూడా పెట్టండి. అమ్మకాలు దాన్ని దాటిన నెల ఎర్రగా కనిపించాలి. తొమ్మిదిగళ్లు గారు ఇంకా జవాబివ్వలేదు.

తొమ్మిదిగళ్లు: సామర్థ్యాన్ని కొలమానాల గడిలో పెట్టుకోవచ్చు, ఎవరూ వద్దనరు. కొత్తపద్దు గారూ, అడ్వాన్సు రసీదులు, ఆర్డరు కాగితాలు ప్లాన్‌కు జతచేయండి. అమ్మకాల అంచనాకు అంతకంటే గట్టి ఆధారం ఉండదు.